మనం ఇవ్వవలసినవి

నాన్న కొట్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి అందరికీ తెలిసిన అరువు పుస్తకం. ఎర్ర గుడ్డ అట్టతో పొడుగ్గా ఉంటుంది, ఇంటికో పేజీ. రెండోది చిన్నది, బడిపిల్లలు వాడే నోటుబుక్కు. దాని అట్ట మీద నాన్న చేతిరాతలో "మ.ఇ." అని రెండక్షరాలు, అంతే. మనం ఇవ్వవలసినవి అని. జనం కొట్టుకు బాకీ ఉన్నది మొదటి పుస్తకంలో, కొట్టు జనానికి బాకీ పడ్డది రెండో పుస్తకంలో.

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు గల్లాపెట్టె కింది అర దులుపుతుంటే ఆ చిన్న పుస్తకం దొరికింది. ఎండు మిరపకాయల వాసన, దాని మీద కొంచెం కిరసనాయిలు వాసన. అట్ట మూల ఎలుక కొరికింది. లోపల పేజీలన్నీ నాన్న కోడిపిల్ల రాతే. చాలా పద్దుల మీద అడ్డగీత ఉంది. ఇచ్చేసినవన్న మాట. రాసినవాటిలో చివరి రెండు పేజీల్లో మాత్రం గీత పడనివి 11 ఉన్నాయి.

"పోస్టాఫీసు పక్కింటి మామ్మగారు 2-00."
"పాల సైకిలు అబ్బాయి 1-50."
"మిషను పిన్నిగారు 3-00."
"నీలం చొక్కా, మాస్టారి ఇంటికి వచ్చిన చుట్టం 1-00."

పేరు తెలియకపోతే గుర్తు రాసుకునేవాడు నాన్న. నీలం చొక్కా వేసుకున్న ఆ చుట్టం మళ్ళీ ఎప్పుడైనా తెనాలి వచ్చాడో లేదో, ఆయన రూపాయి మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. 11 పద్దులూ కూడితే 23 రూపాయల 50 పైసలు.

మా కొట్టు మారీసుపేటలో, 1979 నుంచీ ఉంది. ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. నాన్నకు 74 ఏళ్ళు, పొద్దున పూట గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాను. మా కంపెనీ చేసేదే డబ్బు చెల్లింపుల సాఫ్ట్‌వేర్. ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి పైసా తేడా రాకుండా డబ్బు చేరిందా లేదా అని పరీక్షించడం నా ఉద్యోగం. కొట్లో పెరిగిన పిల్లగా, ఈ పని చేసే మనిషిగా, ఆ చిన్న పుస్తకం చేతికి దొరికినప్పటి నుంచీ నా మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

మా వైపు కిరాణా కొట్టును చిల్లర కొట్టు అంటారు. ఆ పేరు ఎంత సరైనదో చిన్నప్పుడు నాకు చేతుల్లో తెలిసేది. రాత్రి కొట్టు కట్టే ముందు గల్లాలోని చిల్లర వేరు చేయడం నా పని. నలుచదరంగా ఉండే అయిదు పైసలు, అంచులు వంకీలు తిరిగిన పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు, పావలాలు, అర్ధరూపాయలు. వేళ్ళు నల్లబడేవి, ఇనుం వాసన వచ్చేది. పక్కన తాతయ్య కూర్చుని అణాల కథ చెప్పేవాడు. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చినప్పుడు పదహారు అణాల రూపాయిని నూరు పైసలు చేశారు. అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా ఎక్కడా లేదు. అందుకని అణాకు 6, బేడకు, అంటే రెండు అణాలకు, 12, మూడు అణాలకు 19, పావలాకు 25 అని పట్టీ ఇచ్చారు. ఒక్కో అణా చొప్పున నాలుగుసార్లు కొన్నవాడికి 24 పైసలే పడేది, నాలుగూ ఒకేసారి కొన్నవాడికి 25. "ఆ పైసా ఎవరిదీ?" అని అడిగేవాడు తాతయ్య. నేను కొనుక్కునేవాడిది అంటే, తమ్ముడు మనది అనేవాడు. తాతయ్య ఎటూ చెప్పేవాడు కాదు.

నాన్న దగ్గర మాత్రం దానికి జవాబు ఉండేది. చిల్లర లేనప్పుడు చాలా కొట్లలో చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్ళు. నాన్న అలా పెట్టేవాడు కాదు. "వాళ్ళు అడగనిది అమ్మకూడదు" అనేవాడు. వాళ్ళే కావాలంటే చాక్లెట్ తీసుకునేవాళ్ళు, వద్దంటే ఆ చిల్లర చిన్న పుస్తకంలో రాసేవాడు. రెండు రోజులకో వారానికో ఆ మనిషి మళ్ళీ వస్తే, ఆయన అడగకముందే "మీకు రూపాయిన్నర ఇవ్వాలండీ" అనేవాడు. వాళ్ళ ముఖం చూడాలి అప్పుడు. వాళ్ళు మర్చిపోయి ఉంటారు. ఆ రూపాయిన్నర కోసం ఎవరూ రారు. కానీ తమను గుర్తు పెట్టుకున్న మనిషి ఒకడున్నాడని తెలిశాక ఇంకో కొట్టుకు వెళ్ళడం కష్టం.

అరువు పుస్తకం సంగతీ అలాంటిదే. ఒకటో తారీఖున జీతం రాగానే వచ్చి బాకీ కట్టేవాళ్ళు, కానీ పూర్తిగా కట్టేవాళ్ళు కాదు. 640 ఉంటే 600 కట్టి "ఆ నలభై రాసుకోండి" అనేవాళ్ళు. డబ్బు లేక కాదు. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. మా వీధిలో ఉండే ఒక రైస్‌మిల్లు గుమాస్తాగారికి ఒంగోలులో వేరే పని దొరికింది. వెళ్ళే ముందు రోజు ఆయనా, భార్యా కొట్టుకు వచ్చి ఉన్న 62 రూపాయలూ చిల్లరతో సహా కట్టేశారు. నాన్న ఆ పేజీ మీద మూలనుంచి మూలకు గీత కొట్టి కింద "చెల్లు" అని రాశాడు. ఆవిడ ఆ గీత వైపు చూసి కళ్ళొత్తుకుంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. బాకీ తీరిపోతే సంతోషించాలి కదా, ఎందుకు ఏడుస్తోంది అనుకున్నాను. లెక్క పూర్తిగా తెంచుకునేది ఊరు వదిలేవాళ్ళే. లేదా గొడవ పడ్డవాళ్ళు. "చెల్లుకు చెల్లు" అని మన భాషలో ఎప్పుడంటామో గుర్తు చేసుకోండి. ఇక నీకూ నాకూ ఏమీ లేదు అన్నప్పుడే కదా.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినప్పుడు మా వీధిని ఆదుకున్నది ఆ ఎర్ర పుస్తకమే. బ్యాంకు ముందు గంటలు నిలబడి తెచ్చుకున్న రెండు వేల నోటు పట్టుకుని పావుకిలో ఉల్లిపాయలకు వచ్చేవాళ్ళు. నాన్న నోటు చేతికి కూడా తీసుకోకుండా పుస్తకం తెరిచేవాడు. రెండు నెలలు అలా నడిచింది. ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. యూపీఐ వచ్చింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్లో. కానీ మా కొట్టు గోడకు నలుపు తెలుపు గళ్ళ అట్ట అతికింది ఇంకో మూడేళ్ళకు. తమ్ముడే పెట్టించాడు. మొదట్లో నాన్న ప్రతిసారీ "పడ్డాయా?" అని ఫోన్ చూడమనేవాడు. తర్వాత మాట్లాడే డబ్బా వచ్చింది. నెలకు నూరు పైచిలుకు అద్దె. "ఇరవై ఏడు రూపాయలు వచ్చాయి" అని తెలుగులో గట్టిగా చెబుతుంది.

ఇది మేలు చేసిందని నేను మనస్ఫూర్తిగా అంటాను. చిరిగిన నోటు నాదంటే నాది కాదని జరిగే రోజువారీ తగాదా పోయింది. దొంగ నోటు భయం పోయింది. 10 రూపాయల బిళ్ళ చెల్లదని మన రెండు రాష్ట్రాల్లోనూ ఎవడు పుట్టించాడో గానీ ఒక పుకారు ఉంది. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చినా తీసుకునేవాళ్ళు లేక అమ్మ ఒక డబ్బా నిండా ఆ బిళ్ళలు దాచింది. ఆ టెన్షన్ తగ్గింది. తమ్ముడికి బ్యాంకు అప్పు దొరికింది కూడా ఫోనులో కనిపించే అమ్మకాల లెక్క చూపించే. సంతలో కూరలమ్మే ఆవిడ చీర కొంగున కట్టిన డబ్బు జారిపోతుందని ఇక భయపడక్కర్లేదు. ఇవన్నీ చిన్న విషయాలు కావు.

కానీ "మ.ఇ." పుస్తకంలో చివరి పద్దు 2021 ఫిబ్రవరిది. ఆ తర్వాత కాగితాలన్నీ తెల్లగానే ఉన్నాయి. 27 రూపాయల సరుకుకు 27 రూపాయలే వస్తాయి. ఇవ్వవలసింది లేదు, రావలసింది లేదు. వచ్చిన మనిషి డబ్బా మాట పూర్తయ్యేలోపు మెట్లు దిగిపోతాడు. నేను సంక్రాంతి నాలుగు రోజులూ కొట్లో కూర్చుని గమనించాను. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళలో సగానికి సగం మంది నాన్న ముఖం చూడలేదు. అట్ట వైపు ఫోన్ చూపించి, డబ్బా చెప్పేది విని వెళ్ళిపోయారు. చెడ్డవాళ్ళు కారు, పొగరు అంతకంటే లేదు. చూడాల్సిన అవసరం రాలేదు, అంతే.

కొసరు సంగతీ చెప్పాలి. తక్కెడ ఉన్న రోజుల్లో కందిపప్పు తూచాక ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడితే నాన్నకు తృప్తి ఉండేది కాదు. ఇంకో చారెడు వేసి, సరుకు పళ్ళెం కిందికి మొగ్గాక పొట్లం కట్టేవాడు. మొగ్గు తూకం అనేవాళ్ళు దాన్ని. పిల్లలు వస్తే బెల్లం ముక్కో, గుప్పెడు పుట్నాలో చేతిలో పోసేవాడు. దానికి లెక్క లేదు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఎర్ర అంకెల్లో 1.000 అని పడుతుంది. మొగ్గడానికి దానికి ముల్లు లేదు. నాన్న ఇప్పటికీ 1.000 పడ్డాక నాలుగు గింజలు వేస్తాడు, అంకె 1.012 అవుతుంది. తమ్ముడు అది చూసి బాధపడతాడు.

వాళ్ళిద్దరి వాదన నేను పండగ నాడు మధ్యాహ్నం దగ్గరుండి విన్నాను. తమ్ముడు నెమ్మదిగానే మాట్లాడాడు. "నాన్నా, పప్పులో మనకు మిగిలేది కిలోకు నాలుగైదు రూపాయలు. పన్నెండు గ్రాములంటే రూపాయిన్నర. ఇస్తే ఇద్దాం, నాకు బాధ లేదు. కానీ అవతలివాడికి తెలియాలి కదా? అంకె వైపు చూసేవాడు కూడా లేడు. నువ్విచ్చేది ఎవడికీ చేరట్లేదు."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు తెలుస్తోంది కదరా" అన్నాడు.

ఇద్దరిలో ఎవరిది తప్పని అనను? తమ్ముడి మీద పిల్లల ఫీజులున్నాయి, అప్పు వాయిదాలున్నాయి. నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే కంపెనీలు పెద్ద ఊళ్ళలో ఏం చేస్తున్నాయో నేను హైదరాబాదులో రోజూ చూస్తున్నాను. అవి ఇచ్చే తగ్గింపులు చిల్లర కొట్టు ఇవ్వలేదు. తమ్ముడు గ్రాములు చూసుకోవాల్సిందే. అయినా ఆ నాలుగు గింజలు వెయ్యడం నాన్న మానేస్తే, కొట్టు బతికి ఉన్నా నాకు మాత్రం అందులో ఏదో ఆగిపోయినట్టే ఉంటుంది.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు పైసలు మళ్ళీ వచ్చాయి. బిస్కెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5కు దిగింది. లెక్క కడితే 5 రూపాయల ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలు కావాలి. పావలా, దానికంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టం ప్రకారం చెల్లుతుంది గానీ, ఇస్తే పుచ్చుకునే నాథుడు లేడు. పెద్ద కంపెనీలు 5, 10 రూపాయల ధర దాటకుండా ఇన్నేళ్ళూ లోపలి గ్రాములు తగ్గిస్తూ వచ్చింది ఈ చిల్లర బాధ పడలేకే. ఆ వారంలో పిల్లవాడొకడు అయిదు రూపాయల బిళ్ళ తెచ్చి కొత్త ధర ప్యాకెట్ అడిగాడు. అదే ప్యాకెట్‌కు ఫోను పట్టుకొచ్చినవాళ్ళకు డబ్బా "నాలుగు రూపాయల నలభై అయిదు పైసలు" అని చక్కగా చెప్పింది. పైసా ఇప్పుడు ఫోన్‌లో మాత్రమే బతికి ఉంది. బిళ్ళ తెచ్చిన పిల్లవాడికి 55 పైసలు ఎలా ఇవ్వాలి?

"చిన్న పుస్తకం ఏదిరా?" అని నాన్న అడిగాడట తమ్ముణ్ణి. నాలుగేళ్ళుగా ఎవరూ దాని పేరెత్తలేదు. వెతికారు, దొరకలేదు. ఆ పిల్లవాడికి అర్ధరూపాయి బదులు రూపాయి ఇచ్చి పంపాడు నాన్న. తర్వాత వచ్చిన సరుకు మళ్ళీ అయిదు రూపాయలకే వచ్చింది, లోపల బిస్కెట్ల బరువు పెరిగింది. కథ అక్కడితో సద్దుమణిగింది. అయినా పుస్తకం కనబడలేదన్న దిగులు నాన్నకు పోలేదు. అందుకే కింది అర దులపమని నాకు చెప్పాడు.

మా ఆఫీసు గచ్చిబౌలిలో. తొమ్మిది మందిమి కలిసి భోజనానికి వెళితే బిల్లు పంచే యాప్ ఉంది. ఒక్కొక్కరికీ 347 రూపాయల 33 పైసలు అని వస్తుంది. అందరూ పంపేశాక "అన్నీ సరిపోయాయి" అని ఆకుపచ్చ టిక్కు పడుతుంది. కిందటేడు మా టీంలోకి ఖమ్మం నుంచి ఒక అమ్మాయి చేరింది. మెత్తటి మనిషి. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే ముందు నాకు పెట్టి తర్వాత తను తింటుంది. ఒకరోజు ఆటోలో కలిసి వచ్చాం. ఆఫీసులో సీటులో కూర్చోగానే ఆమె దగ్గర నుంచి నా ఫోనుకు 17 రూపాయల రిక్వెస్ట్ వచ్చింది. నాకు గుండెలో చిన్నగా కలుక్కుమంది. ముందు రోజు ఆమె పెట్టిన పులిహోర ఇంకా నోట్లో ఉన్నట్టే ఉంది. దానికి రిక్వెస్ట్ పంపలేదు కదా, ఆటోకు ఎందుకు పంపింది అనిపించింది.

ఆలోచిస్తే ఆమె చేసింది సబబే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2006లో, ఇలాంటి యాప్‌లు లేవు. పెద్దవాళ్ళతో టీకి వెళితే మొహమాటానికి జేబులోంచి తీసేది మేమే. అడిగే ధైర్యం లేక నెలాఖరులో బస్సు మానేసి నడిచిన రోజులున్నాయి. ఈ పిల్లలకు ఆ మొహమాటం బాధ తప్పింది. అద్దె, ఇంటికి పంపే డబ్బు, చెల్లెలి చదువు అన్నీ చూసుకునే అమ్మాయి 17 రూపాయలు అడిగి తీసుకోవడంలో తప్పేముంది? అడగాలి.

అందుకే పెద్ద ఖర్చుకు యాప్‌లోనే పంచుకుందాం అన్నాను ఆ అమ్మాయితో. "టీకి మాత్రం వద్దు. ఇవాళ నేను, రేపు నువ్వు." ఆమె ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి "ఎవరివి ఎన్నైనాయో గుర్తెట్ల ఉంటది అక్కా?" అంది. గుర్తుండదు, అదే కావాలి అన్నాను. ఎనిమిది నెలలైంది. ఎవరు ఎవరికి బాకీయో ఇద్దరికీ తెలియదు. మధ్యలో ఆమె రెండు వారాలు సెలవు పెడితే, తిరిగి వచ్చిన రోజు "అక్కా, మీరు నాకో టీ బాకీ ఉన్నరు" అంటూ నేరుగా నా సీటు దగ్గరికి వచ్చింది.

2025 ఏప్రిల్ 12, శనివారం. దేశమంతా యూపీఐ మొరాయించిన రోజు. ఆ సంగతి తెలియక నేను ఇంటి దగ్గరున్న టిఫిన్ సెంటర్‌కు ఆలస్యంగా వెళ్ళి ఇడ్లీ తిన్నాను. బిల్లు 60 రూపాయలు. మూడుసార్లు ప్రయత్నించాను, గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పర్సులో చూస్తే ఒక్క నోటు లేదు. నా వెనక ఇంకో నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. చెమట పట్టింది నాకు. డబ్బు కదిలే దారిని పరీక్షించేదే నా ఉద్యోగం, ఆ దారి ఎన్నిచోట్ల ఆగవచ్చో నాకు తెలుసు. ఇటు మన బ్యాంకు, అటు వాళ్ళ బ్యాంకు, మధ్యలో రెంటినీ కలిపే స్విచ్. ఎక్కడ ఆగినా చివరికి ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా నిలబడిపోతారు. ఆ నిలబడేది ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

పెనం దగ్గరున్న ఆయన అట్లకాడ కింద పెట్టి మా వైపు చూశాడు. మూడేళ్ళుగా అక్కడ తింటున్నాను. ఆయన గొంతు సరిగ్గా విన్నది అదే మొదటిసారి. "ఏం కాదు మేడం, రేపియ్యండి" అన్నాడు. నా వెనకున్న వాళ్ళకూ అదే చెప్పాడు. పేరు అడగలేదు, నంబరు అడగలేదు.

ఆ రోజంతా 60 రూపాయలు నా మనసులో ఉన్నాయి. మర్నాడు ఆదివారం, ఏటీఎంకు వెళ్ళి డబ్బు తీసుకుని పొద్దున్నే వెళ్ళాను. ఆయన నవ్వి "అందరూ ఇచ్చినరు మేడం" అన్నాడు. అప్పటి నుంచీ నేను కనబడగానే కారం పొడి మీద నెయ్యి ఎక్కువ వేయమని కుర్రాడికి కేక వేస్తాడు. మూడేళ్ళపాటు ఏ రోజుకారోజు సరిగ్గా డబ్బు కట్టిన నన్ను ఆయన గుర్తు పట్టలేదు. ఒక్కరోజు బాకీ పడ్డాక గుర్తుపట్టాడు.

మన వాళ్ళు పెళ్ళిలో 100 చదివించరు, 116 చదివిస్తారు. 1000 కాదు, 1116. అంకె సున్నాతో ముగియకూడదని అమ్మ గట్టిగా చెబుతుంది. ఇప్పుడు ఫోన్‌లో పంపినా 1116 అనే కొట్టి పంపుతున్నారు. అది చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది. బోణీ విషయంలో నాన్న కూడా తనకు తోచిన దారి కనిపెట్టుకున్నాడు. పొద్దున మొదటి బేరానికి వచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేయడం ఆయన అలవాటు. ఇప్పుడు బోణీ ఫోన్‌లో వస్తే, డబ్బా మాట ముగిశాక గల్లాలోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని మళ్ళీ గల్లాలోనే వేస్తాడు. ఆ బిళ్ళ రోజూ ఒకటే. నున్నగా అరిగిపోయింది, అంకె కనబడదు.

కనుమ నాడు నాన్న పుస్తకం ముందు పెట్టుకుని ఆ 11 పద్దులూ చదివించుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఇవి మన డబ్బులో కలిసి ఉన్నాయి. మనవి కావు" అన్నాడు. తమ్ముడు ఏమీ అనకుండా గల్లాలోంచి చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. నేను బయలుదేరాను. పోస్టాఫీసు పక్కింటి మామ్మగారు పోయి చాలా కాలమైంది, ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. పాల సైకిలు అబ్బాయికి ఇప్పుడు నలభై దాటాయి, సొంత డెయిరీ బూత్ పెట్టుకున్నాడు. రూపాయిన్నర ఇస్తే తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని చూసి, "మీ నాన్నగారు ఎలా ఉన్నారక్కా?" అని అరగంట కూర్చోబెట్టాడు. ఇంకో ఇద్దరు దొరికారు. మిగతావాళ్ళు ఏమయ్యారో వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు.

చివరికి మిషను పిన్నిగారింటికి వెళ్ళాను. మా స్కూలు లంగాలన్నీ కుట్టింది ఆవిడే. 2021లో కరోనాకు పోయారు. వాళ్ళమ్మాయి ఇప్పుడు అదే మిషను మీద బ్లౌజులు కుడుతోంది. విషయం చెప్పి పుస్తకం తెరిచి చూపించాను. "మిషను పిన్నిగారు 3-00" అన్న వరస మీద వేలు పెట్టి ఆ అమ్మాయి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చేతికి దారం పోగులు అంటుకుని ఉన్నాయి.

మూడు రూపాయలూ బల్ల మీద పెట్టాను. వాటిని తీసి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"కొట్టెయ్యొద్దక్కా. అమ్మ పేరు మీ పుస్తకంలో అలా ఉండనియ్యండి. వచ్చినప్పుడు ఎప్పుడన్నా ఆ మూడు రూపాయలకీ ఏదో ఒకటి కొనుక్కుంటాలే."

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. పుస్తకం తీసుకుని, ఆ రోజు ఇచ్చినవాటి మీద గీతలు కొట్టాడు. ఆ వరస దగ్గర పెన్ను ఆపి, "పిన్నిగారు" పక్కన చిన్నక్షరాలతో "అమ్మాయికి" అని రాసి, పుస్తకం గల్లాపెట్టె పైఅరలో పెట్టాడు.